ముప్పై నాలుగు గీతలు

సోమవారం పొద్దున ఎనిమిదింటికి మా మాస్కు పరీక్ష గదిలో ఉన్నవాళ్లు: పెయింట్ షాపులో కొత్తగా చేరిన ముగ్గురు, సేఫ్టీ ఆఫీసరు, నేను. ఉన్నవి: రబ్బరు అంచుల మాస్కులు మూడు, తలకు తొడిగే తెల్లటి ముసుగు ఒకటి, చేదు మందు సీసా ఒకటి, దాన్ని చల్లే చేతి పంపు ఒకటి, నోరు పుక్కిలించడానికి నీళ్లు, గోడకు ఒక అద్దం. ముగ్గురిలో ఒకతనికి దవడల కింద ఎర్రగా పొక్కులు లేచి ఉన్నాయి. చూపు పడ్డాక లెక్కపెట్టకుండా ఉండలేను. కుడివైపు పదకొండు, ఎడమవైపు తొమ్మిది.

పరీక్ష సులువైనదే. మాస్కు పెట్టుకోవాలి, దాని మీద ముసుగు తొడుక్కోవాలి. ముసుగుకున్న రంధ్రంలోంచి ఆఫీసరు చేదు మందు తుంపరలు కొడతాడు. లోపలి మనిషి నోటితో గాలి పీలుస్తూ తల పైకీ కిందికీ, పక్కలకూ తిప్పాలి, పైకి వినపడేలా అంకెలు చదవాలి. మాస్కు ముఖానికి సరిగ్గా అతుక్కుంటే ఏమీ తెలియదు. ఎక్కడైనా సందు ఉంటే నాలుకకు చేదు తగులుతుంది. తగిలితే చెయ్యి ఎత్తాలి. ఎత్తేది మనమే. లోపల ఏం తెలిసిందో బయట నిలబడ్డవాళ్లకు తెలిసే దారి లేదు.

పొక్కులున్నతను చెయ్యి ఎత్తాడు.

"ఏం జేయాలె సార్," అన్నాడు ముసుగు తీసి. "గడ్డముంటే మాస్కు అతకదంటరు. రోజు గీకితే గిట్ల మంటలేస్తది. ముఖం వాచినంక ఎట్లైనా అతకదాయె."

ఆఫీసరు నా వైపు తిరిగాడు. "నువ్వొక కాయితం రాయవయ్యా. గిసుంటి ముఖాలోళ్లు షేవింగ్ ఎట్ల చేసుకోవాల్నో ఒకటి, రెండు, మూడని రాసి గోడకు పెట్టు. నీకు మంచిగెరుక గదా."

టీ వేళకు కూర్చుని రాశాను. ఎనిమిది అంశాలు వచ్చాయి. రాసింది ఒకసారి చదువుకున్నాను. అక్షరాలు నావి, ఇన్‌స్పెక్షన్ రిపోర్టులా అచ్చు ఒకే ఎత్తులో ఉన్నాయి. కానీ చదువుతుంటే వినపడిన గొంతు నాది కాదు. ఆ గొంతు మనిషి మా యూనిట్ వదిలి నాలుగేళ్లయింది. ఇన్నాళ్లకూ ఆయనంటే నాకు కడుపుమంటే. ఆ మంటతోనే ఇది రాస్తున్నాను. ఆయన పేరు మాత్రం రాయను. పేరు రాస్తే అదీ ఆయనకే కలిసొస్తుంది.

మాది చిరాగ్‌పల్లి దారిలో, హైవే పక్కన చిన్న యూనిట్. ట్రాక్టర్ల బానెట్లు, మడ్‌గార్డులు వస్తాయి, రంగు వేసి పంపుతాం. డిప్లొమా అవగానే నేను ఇన్‌స్పెక్షన్‌లో చేరాను. రంగు మందం కొలిచే మీటరు, టార్చిలైటు, ఎర్ర స్టిక్కర్లు నా పనిముట్లు. మడ్‌గార్డు మీద ఇసుక రేణువంత గింజ ఉన్నా స్టిక్కరు అంటించి వెనక్కి పంపేవాణ్ణి. ఆయన పెయింట్ బూత్‌లో రంగు చల్లే గన్ను పట్టేవాడు. నాకన్నా ఐదేళ్లు పెద్ద. ఆయన రంగు వేసిన వాటికి స్టిక్కరు అంటించే అవకాశం నాకు రెండేళ్లలో మూడుసార్లే దొరికింది. అందులో రెండు, రంగు తప్పు కాదు, రేకు తప్పు.

ఇద్దరం జహీరాబాద్‌లో ఒకే గదిలో ఉండేవాళ్లం. రెండు మంచాలు, ఒక పంకా, బాత్రూం తలుపు పక్కన ఒక రాతి అర. అరలో ఎడమ సగం ఆయనది, కుడి సగం నాది. నేను గడ్డం తీయడం మొదలుపెట్టాక నా సగంలో: నాలుగు బ్లేళ్ల రేజరు, జెల్ డబ్బా, మంట పుట్టించే నీలం లోషను, పటిక ముక్క, యూట్యూబ్‌లో చూసి కొన్న ఇంకో రెండు ట్యూబులు. ఆయన సగంలో: రెండు వైపులా అంచున్న బ్లేడు పెట్టే పాత స్టీలు రేజరు, బ్రష్షు, వాసన లేని తెల్ల సబ్బు, ఒక చిన్న డబ్బా, ఐదు చింతగింజలు.

ఆ చింతగింజల సంగతి నాకు నెల రోజుల దాకా అర్థం కాలేదు. కొత్త బ్లేడు వేసిన రోజు ఐదు గింజలు అరలో వరసగా పెట్టేవాడు. గీసుకున్న ప్రతిసారీ ఒక గింజ డబ్బాలోకి వెళ్లేది. వరస ఖాళీ అయితే బ్లేడు పని అయిపోయినట్టే. అది తెగుతోందా లేదా అని చూసేవాడే కాదు. నేను అదే పనికి ఫోన్‌లో రిమైండరు పెట్టుకున్నాను, రెండుసార్లు మరిచిపోయాను. ఆయన గింజలు ఒక్కసారీ తప్పలేదు.

ఈర్ష్యకు కారణాలు రాయమంటే పేజీ చాలదు. ముఖ్యమైనవి చెబుతాను. షిఫ్టు అయ్యాక మాస్కు తీస్తే ఆయన ముఖం మీద సన్నని గీత మాత్రం ఉండేది, చాయ తాగేలోపు అదీ పోయేది. హోటల్లో మొదటి కప్పు ఆయనకే. మాకు గది అద్దెకిచ్చిన ఇంటామెది బీదర్ వైపు ఊరు. ఆయన ఆమెతో కన్నడంలో రెండు ముక్కలు మాట్లాడితే చాలు, వేడి జొన్నరొట్టె పళ్లెంలో వచ్చేది. పళ్లెం ఆయన చేతికిచ్చి, "ఆ పిలగానికి గూడ పెట్టు," అనేది. ఆ పిలగాణ్ణి నేను. మా అమ్మ ఫోన్ చేసినా రెండో మాట, "అన్న మంచిగున్నడా?" ఆమె ఆయన్ని చూసింది ఒక్కసారి.

అన్నిటికన్నా పైన, ఆయన మెడ. గీసుకునేటప్పుడు మెడ దగ్గరికి వచ్చేసరికి కళ్లు మూసుకునేవాడు. అద్దం ముందు నిలబడి కళ్లు మూసుకునే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆ రోజుల్లో నా మెడ ఎట్లా ఉండేదో చెప్పాలి. నాది ముట్టుకుంటే కందే చర్మం, వెంట్రుక మొండిది, చివర మెలిక తిరుగుతుంది. గీసిన రెండో రోజుకల్లా కొస లోపలికే తిరిగి చర్మంలో గుచ్చుకుని పొక్కు లేచేది. ఇన్‌స్పెక్షన్‌లో ఉన్నంత కాలం గడ్డం పెంచుకుని ఆ బాధ తప్పించుకున్నాను. తర్వాత యూనిట్‌లో రెండో బూత్ కట్టారు. దానికి ఒక పర్మనెంట్ పోస్టు వచ్చింది. అప్పటికి ఆయనా కాంట్రాక్టే, నేనూ కాంట్రాక్టే. అర్హతలు మూడు: చదువు, రంగు పని తెలిసి ఉండటం, మాస్కు పరీక్ష పాసవడం. మొదటి రెండూ ఇద్దరికీ ఉన్నాయి. ఇద్దరూ పరీక్ష పాసైతే పోస్టు సీనియారిటీ మీద ఆయనకే వెళుతుంది. ఆయనకు ఏదైనా అడ్డం వస్తే నాకు వస్తుంది. కానీ నేను ముందు పాసై ఉండాలి.

రోజూ గీసుకోవడం మొదలుపెట్టాను. నాకు తెలిసిన పద్ధతిలోనే చేశాను. రేకుకు రంగు వేసే ముందు రుద్దుతాం: ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా, చివరికి సన్న కాగితంతో. వేలు పెడితే గరుకు తగలకూడదు. ముఖానికీ అదే పెట్టాను. ఒకసారి కిందికి, ఒకసారి అడ్డంగా, చివరికి కింది నుంచి పైకి, వెంట్రుకకు ఎదురుగా, నొక్కి. ఇరవై రెండు నిమిషాలు పట్టేది. అయ్యాక వేలితో తడిమితే అద్దంలా ఉండేది. ఆ పైన నీలం లోషను. మూడో రోజుకు ముఖం మీద ఎర్ర స్టిక్కర్లు అంటించినట్టు అయింది.

నోట్‌బుక్‌లో ముఖం బొమ్మ గీసి పది భాగాలు చేశాను. ఏ భాగంలో ఎన్ని పొక్కులు, ఎంత ఎరుపు, ఏ రోజు ఏ ట్యూబు అని పట్టిక వేశాను. ఒక ఆదివారం అది మంచం మీద తెరిచి ఉంటే ఆయన కంటపడింది. చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

"ఇదేం పటం తమ్మి? ఎవరి భూమి?"

"ముఖమన్నా."

"అబ్బో! హద్దురాళ్లు గూడ పాతినవ్. గీ నాలుగో నంబర్ల ఏందిది, పదిహేను?"

"పొక్కులు."

"పంట మంచిగచ్చిందిరా సర్వేయరూ!" అని పగలబడి నవ్వాడు. ఆ రోజు నుంచి నన్ను సర్వేయర్ అనే పిలిచాడు. వారం లోపల యూనిట్ మొత్తం అదే పేరు.

మొదటి పరీక్షలో ముసుగులో ఐదు అంకెలు చదివేలోపే నోరంతా చేదైంది. చెయ్యి ఎత్తాను. రెండో పరీక్ష నెల తర్వాత అన్నారు. పోస్టుకు పేర్లు హైదరాబాద్ ఆఫీసుకు పంపేది కూడా ఆ రోజే. ఇప్పటికే మాస్కులు వాడుతున్నవాళ్లందరికీ ఏటా జరిగే పరీక్ష కూడా అదే రోజు.

మర్నాడు పొద్దున నేను గీసుకుంటుంటే ఆయన తలుపు దగ్గర నిలబడ్డాడు. తర్వాత చప్పుడు వింటున్నట్టు తల పక్కకు వంచాడు.

"ఎందుకట్ల గీకుతున్నవ్ తమ్మి? అది మడ్‌గార్డా?"

"నున్నగా లేకుంటే అతకదు కదన్నా."

"ఎవరు చెప్పిన్రు? నా ముఖం పట్టి చూడు."

నా చెయ్యి పట్టుకుని తన దవడ మీద పెట్టుకున్నాడు. కింది నుంచి పైకి తడిమితే సన్నగా గరుకు తగిలింది. నేనైతే దానికి స్టిక్కరు అంటించేవాణ్ణి.

"గీ ముఖంతోనే మూడేండ్ల సంది పాసైతున్న. గడ్డం లేకుంటే చాలు, అద్దం గానక్కర్లే. రేకు మీద ఎంత రుద్దితె అంత మంచిగ. తోలు గట్ల గాదు. రేకుకు పాణముండదు."

ఆ వారం రోజులూ ఆయన చెప్పినవే ఇప్పుడు గోడ మీద ఉన్నాయి. నోటీసులో నేను వాటిని తిన్నని వాక్యాలు చేశాను. ఆయన చెప్పినప్పుడు తిన్నగా ఉండేవి కావు.

ముందు రెండు రోజులు గీసుకోనివ్వలేదు. "చేను పెరగనియ్యి. ఏ దిక్కు వంగుతదో చూడాలె." ఆయనది ఝరాసంగం దగ్గరి ఊరు, వర్షం మీద పండే భూములు. మూడో రోజు కళ్లు మూసుకోమని, నా వేళ్ల వెనకవైపుతో నా మెడనే తడిమించాడు. చెంపల మీద వెంట్రుక కిందికి ఉంది. గదవ కింద పైకి ఉంది. మెడ ఎడమవైపు అడ్డంగా, చెవి వైపు తిరిగి ఉంది. నా పట్టికలో పది భాగాలున్నాయి గానీ ఏ భాగంలో వెంట్రుక ఎటు పడుకుందో రాయాలని నాకు తోచలేదు. "అది ఎటు పండుకుంటె అటే పోవాలె. ఎదురు పోతే గుచ్చుతది," అన్నాడు. అద్దంలో ఆ వాలు కనపడదు. ఆయన మెడ దగ్గర కళ్లెందుకు మూసుకుంటాడో అప్పుడు తెలిసింది.

స్నానం అయ్యాకే గీసుకోవాలి. లేకపోతే గోరువెచ్చని తడి తువ్వాలు రెండు నిమిషాలు ముఖానికి చుట్టుకోవాలి. సబ్బు బ్రష్షుతో నురగ చేసి నిమిషం ఆగాలి. నేను ఆగలేక రేజరు అందుకుంటే చేతి మీద కొట్టేవాడు. "నాననియ్యి. బియ్యం నానకుంటె పిండైతదా?" నాలుగు బ్లేళ్ల రేజరు పక్కన పెట్టించాడు. "ఒక బ్లేడు కోసిందాన్ని మూడు బ్లేళ్లు మళ్లీ లోపలికెళ్లి కోస్తయ్. నీ వెంట్రుక లోపలుండి మెలిక తిరిగేది గందుకే." నొక్కొద్దనేవాడు. రేజరు బరువు రేజరుకే వదిలెయ్యమనేవాడు. రెండు గీతలకోసారి కడగమనేవాడు. ఆయన రోజూ అన్న మాట ఒకటుంది: "మనం వెంట్రుకలు తీస్తలేం తమ్మి. నురగ దించుతున్నం. అవి నురగతోటి పోతయ్."

చివరికి చల్లనీళ్లు. తువ్వాలుతో రుద్దకుండా అద్దుకోవడం. నీలం లోషను ఆయనే తీసి మోరీలో పోశాడు. "మంట పుడితె మందు పనిజేస్తుందనుకుంటున్నవా? మంటంటె ముఖం అరుస్తున్నట్టు." సెలవు రోజు రేజరు ముట్టొద్దు. ఒకరి రేజరు ఒకరు వాడొద్దు.

ఇన్ని తెలిసిన మనిషికి పుట్టుకతో మంచి చర్మం వచ్చిందనుకుని నేను కొంత ఊరట పడేవాణ్ణి. అదృష్టం ఎవరి చేతిలోనిదీ కాదు కదా. ఆ ఊరట కూడా ఉంచలేదు. ఒక రోజు చొక్కా కాలరు కిందికి లాగి మెడ చూపించాడు. కాలరు మరుగున, మెడ కింది భాగమంతా నల్లటి మచ్చలు, పాత పొక్కులవి. నా మెడ మీద ఉన్నవాటికి రెట్టింపు.

"నేను చేరిన కొత్తల. చెప్పేటోడు లేకుండె. నాలుగుసార్లు తప్పిన పరీక్ష."

అప్పటిదాకా ఆయన అదృష్టాన్ని చూసి కుళ్లుకునేవాణ్ణి. ఆ రోజు నుంచి ఆయన కష్టాన్ని చూసి కుళ్లుకోవాల్సి వచ్చింది. అది ఎక్కువ కష్టం.

నేర్చుకోవడంలో నా పద్ధతి నేను మానలేదు. రేజరు నురగలో ఒకసారి వేసిన దారిని ఒక గీత అనుకున్నాను. బాత్రూం తలుపు సందులోంచి ఆయన గీతలు లెక్కపెట్టేవాణ్ణి. ముప్పై నాలుగు. మర్నాడు ముప్పై నాలుగు. నెలలో పద్దెనిమిదిసార్లు లెక్కపెట్టాను, ఒక్కటి పెరగలేదు, ఒక్కటి తగ్గలేదు. నావి మొదట నూట ఇరవై. రెండో వారానికి ఎనభై. నెలాఖరుకు యాభై ఆరు. పొక్కులు తగ్గాయి. నాలుగో నంబరు భాగంలో పదిహేను నుంచి రెండుకు వచ్చాయి.

ముఖం బాగుపడిన కొద్దీ నాకు నిద్ర తగ్గింది. నన్ను పాస్ చేయిస్తే ఆయనకు వచ్చే లాభమేమిటి? ఆయనకు ఏదైనా అయితే ఆ పోస్టుకు వచ్చేది నేనే. అది తెలిసీ నేర్పుతున్నాడు. చాలా ఆలోచించి ఒక్క కారణమే కనుక్కున్నాను: నేను ఆయనకు పోటీ అనే ఆయన అనుకోవట్లేదు. ఈ కారణం నిజమో కాదో ఈనాటికీ తెలియదు. ఆ నెలంతా నమ్మాను.

పరీక్షకు ముందు రోజు ఆదివారం. ఆయన పొద్దున్నే ఆటో ఎక్కి ఊరికి వెళ్లాడు. మధ్యాహ్నం నేను అర తుడుస్తున్నాను. మోచెయ్యి తగిలి ఆయన రేజరు కింద పడింది. బండ మీద పడి ఒకసారి ఎగిరి, మోరీ అంచుకు తగిలి ఆగింది. తీసి టార్చిలైటు వేసి చూశాను. తల ఒక మూల సన్నగా వంగింది. బ్లేడుకూ దాన్ని పట్టి ఉంచే రేకుకూ మధ్య సందు ఒకవైపు ఎప్పటిలాగే ఉంది, ఇంకోవైపు ఎక్కువుంది. మామూలు కంటికి ఆనేది కాదు. సందులు చూడటమే నా ఉద్యోగం. మడ్‌గార్డు అంచులో అంత తేడా ఉంటే వెంటనే ఎర్ర స్టిక్కరు.

తుడిచి, ఉన్నచోట, ఉన్న కోణంలో పెట్టాను. గింజల వరస కూడా సరిచేశాను. అరలో మిగిలినవి మూడు.

సాయంత్రం ఐదున్నరకు వచ్చాడు. గుడ్డలో కట్టిన సజ్జరొట్టెలు, డబ్బాలో పుంటికూర. వాళ్లమ్మ పంపింది. "తిను తమ్మి. రేపు పరీక్ష గదా. ఫికర్ జెయ్యకు, ఈసారి అయితది నీది," అన్నాడు. రెండు రొట్టెలు తిన్నాను. కూర బాగుందన్నాను. చెప్పడానికి సాయంత్రం ఉంది, పొద్దున కూడా ఉంది. చెప్పలేదు.

సోమవారం పొద్దున అలవాటు కొద్దీ తలుపు దగ్గర నిలబడ్డాను. ఒకటి, రెండు, మూడు. చెంప అయింది. ఏడో గీత కుడి దవడ మూల మీద. మాస్కు రబ్బరు అంచు సరిగ్గా ఆనేది అక్కడే. ఆయన చెయ్యి ఆగింది. తెల్లటి నురగలో ఎరుపు కిందికి జారింది.

కడుక్కుని, రేజరును కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు. తర్వాత నా వైపు చూశాడు.

"కింద పడ్డదా తమ్మి?"

"ఏమో అన్నా. నేను చూడలే."

ఆయన ఇంకోసారి అడగలేదు. రేజరును రెండో వైపు తిప్పి, మంచి అంచుతో మిగిలింది పూర్తి చేశాడు. చల్లటి గుడ్డ దవడ మీద నొక్కిపెట్టి, చింతగింజ ఒకటి తీసి డబ్బాలో వేశాడు. గుడ్డ తియ్యకుండానే అన్నాడు.

"పడితె చెప్పాలె. ఎవరి చేతిలకెల్లి పడ్డా సరే. రేజరు కొత్తది వస్తది."

పరీక్ష గదికి వెళ్లేసరికి రక్తం ఆగింది. దవడ మూల మాత్రం వాచి ఉంది, తడిగా మెరుస్తోంది. ముందు ఆయన. ముసుగు తొడుక్కున్నాడు. ఆఫీసరు పంపు కొట్టాడు. ఆయన తల పైకి ఎత్తాడు, దించాడు, ఎడమకు తిప్పాడు, అంకెలు మొదలుపెట్టాడు. ముసుగుకున్న ప్లాస్టిక్ కిటికీ వెనక ఆయన కళ్లు నాకు కనిపిస్తూనే ఉన్నాయి. పద్నాలుగు దగ్గర ఆగాడు. చెయ్యి ఎత్తాడు.

ఆఫీసరు నమ్మలేదు. "ఏందయ్యా, నీకెన్నడు గట్ల కాలేదు గదా. ఇయ్యాల పేర్లు పోవాలె పైకి. జర మంచిగ చూసి చెప్పు. చేదు తెలుస్తుందా, పొద్దున తిన్నదేమన్ననా?"

అది అడగడం కాదు, దారి ఇవ్వడం. గదిలో ఉన్న నలుగురికీ అర్థమైంది.

"తెలుస్తుంది సార్," అన్నాడు.

తర్వాత నేను. తొడుక్కున్నాను, తల తిప్పాను, యాభై దాకా చదివాను. ఏమీ తెలియలేదు. అబద్ధం చెప్పాల్సిన అవసరం కూడా రాలేదు. ఆయన నేర్పిన పని అంత బాగా పనిచేసింది. ముసుగు తీసేసరికి చప్పట్లు కొట్టిన మొదటి మనిషి ఆయనే. "సర్వేయరూ! హద్దులు పక్కాగున్నయ్!" దవడ వాచి నవ్వు ఒకవైపే వచ్చింది.

పేర్లు వెళ్లాయి. పోస్టు నాకు వచ్చింది. వారం తర్వాత ఆయన దవడ మానింది, మళ్లీ పరీక్ష పెడితే పాసయ్యాడు, మళ్లీ కాంట్రాక్టు మీదే పాత బూత్‌కు వెళ్లాడు. ఎవరితోనూ రేజరు మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. నాలుగు నెలలు అట్లాగే ఒకే గదిలో ఉన్నాం. ఆయన కొత్త రేజరు కొనుక్కున్నాడు. అరలో నా సగంలో ఏదైనా జారేటట్టు ఉంటే లోపలికి జరిపేవాడు. తర్వాత హుమ్నాబాద్ దగ్గర బస్సుల బాడీలు కట్టే షెడ్డులో పని దొరికిందని వెళ్లిపోయాడు. ఇంటామె గేటు దాకా వచ్చి కన్నడంలో ఏదో చెప్పి కళ్లొత్తుకుంది. నేను గది ఖాళీ చేసినప్పుడు తాళంచెవి అడిగింది.

నోటీసు సంగతికి వస్తాను. ఎనిమిది అంశాల్లో మొదటి ఏడు చెప్పాను: నానబెట్టడం, వాలు చూడటం, ఒక్కటే బ్లేడు, నొక్కకపోవడం, వాలుకే గీయడం, చల్లనీళ్లు, సెలవు రోజు ముఖానికి సెలవు. ఎనిమిదోది ఇట్లా రాశాను: "కింద పడిన రేజరు వాడకూడదు. పడితే చెప్పాలి." ఆఫీసరు చదివి, "ఇదెందుకయ్యా, ఎవరి రేజరు వాళ్లదే గదా, ఎవరికి చెప్పాలె?" అన్నాడు. ఉండనివ్వండి సార్ అన్నాను.

మధ్యాహ్నం భోజనాల వేళ బయటికి వెళ్లి ఆయనకు ఫోన్ చేశాను. నాలుగేళ్లలో మొదటిసారి. హైవే మీద లారీలు వెళుతున్నాయి, అటువైపు కంప్రెసర్ మోగుతోంది.

"ఎవలు?"

"నేనన్నా. జహీరాబాద్ నుంచి."

"ఓర్నీ, సర్వేయరూ! మంచిగున్నవా? ముఖం మంచిగుందా?"

బాగుందన్నాను. కొత్తవాళ్ల సంగతి, పొక్కులతని సంగతి, నోటీసు సంగతి చెప్పాను. పడీపడీ నవ్వాడు. "నా మాటలు గోడకెక్కినయా! కింద ఎవరి పేరు పెట్టినవ్?"

"ఎవరిదీ పెట్టలే అన్నా."

"మంచి పని జేసినవ్. పేరుంటె ఎవడు సదువడు."

"అన్నా, నీకొకటి చెప్పాలె."

"చెప్పు." కంప్రెసర్ ఆపమని ఎవరికో అరిచాడు. చప్పుడు ఆగింది. ఇంత నిశ్శబ్దం అవుతుందని నేను అనుకోలేదు.

"ఏం లేదన్నా. ఊరికెనే. యాదికొచ్చినవ్."

"యాదికొస్తదిరా నాకు గూడ. పొద్దుగాల తలుపు సందుల నిలబడి నా గీతలు లెక్కపెడుతుంటివి గదా."

నేను ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను.

"నాకెరుక లేదనుకున్నవా? అద్దంల కనబడుతుంటివి. నీకు లెక్క తప్పద్దని మెల్లగ దించుతుంటి. తప్పితే మల్ల నోట్‌బుక్ల కొట్టేస్తవని." మళ్లీ నవ్వాడు. "గిప్పుడు నీయి ఎన్నికొచ్చినయ్?"

"ముప్పై నాలుగు," అన్నాను.

"శభాష్ తమ్మి," అన్నాడు. ఆ గొంతులో సంతోషం తప్ప ఇంకేమీ లేదు. నేను వెతికాను.

ఆ పొద్దున నావి నలభై ఒకటి.